చెల్లెలింట్లో దాచిన రంగులు

వెలిసిన గోడకు రంగు అతికించడం డబ్బా మూత తీసినంత తేలిక కాదు. తొమ్మిదేళ్లు ఎండావానా తిన్న పసుపు ఏ కంపెనీ రంగుల పట్టీలోనూ దొరకదు. అందుకే రంగులక్క ఆ గోడ దగ్గరికే వెళ్లి, గోటితో పెచ్చు గీకి తెచ్చి, పసుపెంతో నలుపెంతో కలిపి సరిచూసి, ఆ పాళ్లు తన రంగుల కొట్టు కంప్యూటర్లోకి ఎక్కించేది. పద్నాలుగేళ్లలో పదహారు వందల ఇళ్లయ్యాయి. గోడకు అతుకు పడాలంటే జనం ఆమె గుమ్మమే తొక్కేవారు.

ఒకసారి కొట్టులో నీళ్ల పైపు పగిలి కంప్యూటర్ చావు తప్పి బయటపడింది. అప్పటినుంచి ప్రతి శనివారం మధ్యాహ్నం పాళ్లన్నీ హార్డ్ డిస్కులోకి ఎక్కించి, గుడ్డలో మూటకట్టి, రెండు వీధుల అవతల చెల్లెలింట్లో బియ్యం డబ్బాలో పెట్టి వచ్చేది. బియ్యంలో చెమ్మ చేరదని చెల్లెలి సలహా. డిస్కు పాస్‌వర్డ్ అక్కచెల్లెళ్లిద్దరికే తెలుసు. నిప్పుకు, నీటికి, ఎలుకకు, దొంగకు దేనికీ అందకుండా ఏర్పాటు చేశాననుకుంది.

చెల్లెలి మొగుడు కూడలిలో కొత్తగా తెరిచిన పెద్ద రంగుల కొట్టులో మేనేజరుగా చేరి రెండు నెలలైంది. పోటీ కొట్టయినా, మరిదికి పని దొరికిందని ఆమే కొత్త చొక్కా కొనిపెట్టింది.

సోమవారం పొద్దున డ్రాయింగు మాస్టారి ప్రహరీ ముందు రంగులక్క కాళ్లు ఆగిపోయాయి. పాత గోడ మీద కొత్త అతుకు తెల్లగా తేలుతోంది.

"ఏం మాస్టారూ, నేనున్నానని మరిచారా?"

"కూడలి కొట్టువాళ్లే ఫోన్ చేశారమ్మా. మీ గోడ రంగు మా దగ్గరుంది, ఇట్టే కలిపేస్తామన్నారు. కలిపారుగా! ముసలి నోట్లో పెట్టుడు పన్నులా ఎలా మెరుస్తోందో చూడు."

ఆమెకు నవ్వు రాలేదు. తేడా ఎంతో చూడగానే తెలిసింది. రెండు చుక్కల నలుపు. ఎవరైనా ఎత్తుకెళ్లినా అక్కరకు రాకూడదని, కంప్యూటర్లో ప్రతి ఇంటి పాళ్లలోనూ నలుపు రెండు చుక్కలు తగ్గించి రాసేది. ఆ సంగతి ఆమె బుర్రలో తప్ప ఎక్కడా లేదు. అంటే ఈ అతుకు ఆమె పాళ్లతోనే కలిపారు. కొట్టు కంప్యూటర్ ముందు ఆమె తప్ప ఎవరూ కూర్చోరు. ఇక మిగిలింది బియ్యం డబ్బా.

తిన్నగా చెల్లెలింటికి వెళ్లింది.

"నా డిస్కు ఎవరు తీశారే?"

"ఎవరు తీస్తారక్కా? ఇదిగో, పెట్టింది పెట్టినట్టే ఉంది," అంటూ చెల్లెలు బియ్యంలోంచి మూట లాగింది.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ ఈశ్వరుడు నీతో ఒక కంచంలో తిన్నాడా? నేను తిన్నాను. నీ కళ్లే చెబుతున్నాయి."

చెల్లెలు మంచం మీద కూలబడింది. "ఉద్యోగమిచ్చే ముందే మా ఆయన్ని అడిగారక్కా వాళ్లు, నువ్వు వస్తే మాకేం తెస్తావని. ఆయనకి యాభై దాటాయి. ఇంకెవరు రమ్మంటారు?"

"పాస్‌వర్డ్ కూడా ఆయనకు కలలో కనబడిందా?"

"నేనే చెప్పాను."

రంగులక్క గోడకు ఆనుకుని నిలబడింది. చెల్లెలు ముక్కు తుడుచుకుని గొంతు తగ్గించింది.

"అయినా రంగులు కుదరడం లేదటక్కా. ఈ వారంలో సరిచెయ్యకపోతే మానెయ్యమన్నారట. అందులో ఏదో తక్కువుందంటున్నాడు. అదేంటో చెప్పవూ?"

"నేనే తగ్గించి రాశాను. ఎక్కడన్నది చెప్పను."

"అంటే ఇన్నాళ్లూ నా బియ్యంలో అబద్ధం దాచావా? నన్నూ నమ్మలేదన్నమాట!" ఆ ఏడుపులో నటన లేదు.

"నీ కోసం తగ్గించలేదే, దొంగల కోసం తగ్గించాను. వాళ్ల పక్కన నువ్వెందుకొచ్చి నిలబడ్డావు?"

రంగులక్క మూట అందుకుంది. చెల్లెలు రెండో కొస వదల్లేదు.

"వారమే గడువక్కా," అంది.

గుడ్డ మీద బిగిసిన ఆ వేళ్లను రంగులక్క ఒక్కొక్కటే విడదీసింది.