తొట్టిల్లో వేసిన చెయ్యి

భానుశ్రీకి అన్నిటికన్నా పెద్ద భయం, స్రవంతి ఇక తిరిగి రాదేమోనని. ఆ పైన ఇంకో భయం, వస్తే "అక్కా, నీ మాట మీదే గదా వ్యాను ఎక్కినాను" అంటుందేమోనని.

నిజమే. నమ్మించింది భానుశ్రీయే. ఆమె మొగుడికి తోబుట్టువులు లేరు. బిడ్డను తొట్టిల్లో వేసి చెవిలో పేరు చెప్పడానికి మేనత్త లేకపోతే, బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి కూలీలను తోలే కుప్పమ్మ వచ్చి ఆ పని చేసింది. ఆనాటి నుంచి ఆమె భానుశ్రీకి వదిన, వాడలో అందరికీ చుట్టం. పులికాట్ సరస్సు ఒడ్డున రొయ్యలు ఒలిచే పని ఉందని ఆ వదిన చెబితే, స్రవంతి తల్లి, పక్కింటి గురవమ్మకు భానుశ్రీయే నచ్చజెప్పింది. "మా వదినే పెద్దమ్మా, భయమెందుకు? స్రవంతిని పంపు."

పోయిన సీజను చివర్లో వెళ్లింది ఆ పదిహేడేళ్ల పిల్ల. ఫోన్లో ఒకసారి ఏడ్చింది. ఆ తర్వాత ఫోనే పలకలేదు. గురవమ్మ పులికాట్ దాకా వెళ్లి వెతికితే, అసలు అలాంటి షెడ్డే లేదన్నారు పడవలవాళ్లు. కుప్పమ్మను అడిగితే, చోటు మారింది, బాగానే ఉందని దాటేసింది. పోలీసు స్టేషన్లో "ఎవడితోనో పోయుంటుంది" అని పంపేశారు.

ఈ ఏడు మళ్లీ మామిడికాయ అయిపోయింది. చివరి రోజు, సొనకు కాలిన చేతులు కడుక్కుని ఆడవాళ్లు ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చేసరికి, మళ్లీ దూరం పనికని కుప్పమ్మ వ్యాను నిలబడి ఉంది. అదే వాడలోని శకుంతలమ్మ కూతురు లోహిత సంచితో మెట్టు మీద కాలు పెట్టింది.

భానుశ్రీ చంకలో బిడ్డతో పరుగెత్తి ఆ సంచి పట్టుకుంది. "ఎక్కొద్దు పాపా!"

శకుంతలమ్మ రేగింది. "ఆ పొద్దు మంచిదన్నది నువ్వే గదా! ఈ పొద్దు వద్దంటావా? సీజను అయిపాయె. ఇంట్లో ఏం తినాల, నీ నీతులా?"

భానుశ్రీ తల వంచుకుంది. సంచి మాత్రం వదల్లేదు. "తప్పు నాదే అత్తా. అది నీ బిడ్డ మిందికి రానీను."

కుప్పమ్మ నవ్వింది. "నీ బిడ్డను తొట్టిల్లో వేసిన చెయ్యి గదే భానూ ఇది!"

"ఆ చేత్తోనే స్రవంతికి ఫోన్ చెయ్యి. ఈడ్నే. అందరం వినాల."

"ఆడ టవరు లేదు."

"అయితే ఊరి పేరు చెప్పు."

కుప్పమ్మ డ్రైవరు వైపు చూసింది. వ్యాను గుర్రుమంది.

ఏడాదిగా భానుశ్రీతో మాటే ఆడని గురవమ్మ వెళ్లి చక్రం ముందర కూర్చుంది. "నా బిడ్డ యాడుండాదో చెప్పు. లేకుంటే నా మింద తోలు."

భానుశ్రీ ఆమె పక్కన కూర్చుంది. శకుంతలమ్మ కూతుర్ని కిందికి లాగి, తానూ కూర్చుంది. చూస్తుండగానే గేటంతా ఆడవాళ్లే.

"లేయండి! రేపట్నుంచి ఒక్కదానికీ పనుండదు!" అని అరిచాడు ఫ్యాక్టరీ కాంట్రాక్టరు ధనశేఖర్.

"ఎట్లాగూ రేపు పని లేదులే అబ్బా, కాయ అయిపాయె గదా!" అని ఎవరో అంటే, అంత కోపంలోనూ నవ్వులు లేచాయి.

112కి ఫోన్ చేసింది లోహితే. పోలీసు జీపు వచ్చింది. కుప్పమ్మను ఎక్కించాక ఎస్సై అడిగాడు, "పోయినేడు ఆ పిల్లను పంపమన్నదెవరు?"

"నేనే." భానుశ్రీ తన బిడ్డను శకుంతలమ్మ చేతుల్లో పెట్టింది.

"నువ్వూ ఎక్కు."

గురవమ్మ ముందు ఎక్కి చెయ్యి అందించింది. ఆ చెయ్యి పట్టుకోవడానికి భానుశ్రీకి సిగ్గేసింది. పట్టుకుంది.

"ఈసారి కేసు రాసుకునేదాకా స్టేషను ముందర నుంచి కదిలేది లేదు!" అంది శకుంతలమ్మ. జీపు వెనకే ఆడవాళ్లంతా నడిచారు.

స్రవంతి ఇంకా దొరకలేదు. మీ వాడలోనూ దూరం పనికి పోయిన పిల్ల ఒకతి ఉంటుంది. ఈ పొద్దే ఫోన్ చేయండి. పక్కన ఎవరూ లేకుండా మాట్లాడనిస్తున్నారా, ఇంటికొస్తానంటే రానిస్తారా, అడగండి. తీసుకెళ్లింది చుట్టమే కదా అని ఊరుకోకండి. ఆ పిల్ల గొంతు ఒక్కసారి మీ చెవులతో వినండి.