ఆషాఢంలో అత్తారి గడప

సత్తిబాబు పెళ్ళాం పుట్టింటికి వెళ్ళి రెండు వారాలు కావస్తోంది. ఆచారం కొద్దీ వెళ్ళిందో, వదిలేసే వెళ్ళిందో అతనికి తెలియదు. నవ్వకండి. కట్టుకున్నవాడికి ఆ మాత్రం తెలియకపోతే ఎలా అంటారేమో, అతని స్థానంలో ఉంటే మీకూ తెలిసేది కాదు.

అతని అసలు పేరు వీరవెంకటసత్యనారాయణ. ఊరు మండపేట. సిడ్నీకి ఐటీలో మాస్టర్స్ చదవడానికి వచ్చి, పగలు యూనివర్సిటీకి, ఇక్కడి మాటలో యూనికి, వెళుతూ, సాయంత్రాలు పారమట్టాలో ఒక సూపర్‌మార్కెట్లో పాలడబ్బాలు సర్దుతూ ఉంటాడు. మంచివాడే. కాకపోతే ఒక్కటే జబ్బు. ఏం అడిగినా ఆలోచించి గానీ జవాబు చెప్పడు. కాఫీయా టీయా అన్నా సరే, ఓ క్షణం గోడకేసి చూడాల్సిందే.

పెళ్ళాం పేరు మంగళ. గిరావీన్‌లో ఇల్లున్న డాక్టర్ ఈశ్వరప్రసాద్ గారి ఒక్కగానొక్క కూతురు. నాయనమ్మ పేరు పెట్టారు గానీ యూనిలో అందరికీ మ్యాగ్స్. ఫిజియోథెరపీ ఆఖరి సంవత్సరం. ఇక్కడే పుట్టి పెరిగింది కాబట్టి తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో ఇస్తుంది. కోపం వస్తేనో, మనసు కరిగితేనో అప్పుడు తెలుగులోకి దిగుతుంది. మొగుణ్ణి తల్లిదగ్గర కూడా "సత్తి" అనే అంటుంది. "అలా పేరు పెట్టి పిలవకే, మా ఆయన అనాలి" అని తల్లి జయశ్రీ గారు ఎన్నిసార్లు చెప్పినా, "సో ఓల్డ్ ఫ్యాషన్డ్, అమ్మా" అని నవ్వేస్తుంది.

ఇద్దరూ రెండేళ్ళు యూని లైబ్రరీలో ఎదురెదురు బల్లల దగ్గర కూర్చుని చదువుకున్నారు. ఇంకో మూడు నెలల్లో స్టూడెంట్ వీసా అయిపోతుందనగా సత్తిబాబు నోరు పెగిలింది, పెళ్ళి చేసుకుందామా అని అడిగాడు. ఆ పిల్ల సరేనంది. మాఘమాసంలో పెళ్ళయింది. మంగళ స్పాన్సరుగా, సత్తిబాబు భర్తగా పార్ట్‌నర్ వీసాకి పెట్టుకున్నారు. అది వస్తే అతను ఇక్కడ ఉండొచ్చు, తర్వాత పీఆర్, అంటే శాశ్వతంగా ఉండే హక్కు, వస్తుంది. రాకపోతే మండపేట.

అంతా బాగానే ఉంది. ఒక ఆదివారం ఇద్దరూ మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతుంటే మంగళ ఉన్నట్టుండి అడిగింది.

"సత్తీ, ఇఫ్ దేర్ వాజ్ నో పీఆర్ ఇన్ దిస్, నన్ను పెళ్ళి చేసుకునేవాడివా?"

ఇలాంటి ప్రశ్నకి ఏ మొగుడైనా ఏం చేయాలి? "అదేం మాట, నీకోసమే కదా" అని ఒక ముక్క పారేసి చొక్కా మడతపెట్టుకోవాలి. మనవాడు గోడకేసి చూశాడు. ఆలోచించాడు. బట్టలన్నీ మడతలు పడ్డాయి, సొరుగులోకి వెళ్ళాయి, సొరుగు మూసుకుంది, జవాబు మాత్రం రాలేదు. మంగళ ఆ రోజు అన్నం కూడా సరిగా తినలేదు.

రెండు రోజులు తిరక్కుండా కింద జయశ్రీ గారి కారు వచ్చి ఆగింది. "ఆషాఢం వచ్చేసింది బాబూ. కొత్త పెళ్ళికూతురు కదా, ఈ నెల మా దగ్గరుంటుంది. అత్తా అల్లుడూ ఒకే గడప దాటకూడదు, అందుకని నువ్వు మాత్రం మా ఇంటి వైపు రాకు నాయనా," అని కారులోంచే చెప్పారు. మంగళ పెట్టె పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. కారెక్కేముందు వెనక్కి చూసిందా అంటే చూసింది. ఎలా చూసిందంటే మాత్రం అతను చెప్పలేడు.

మొదట్లో ఆషాఢమే అనుకుని గుండె నిబ్బరం చేసుకున్నాడు. జయశ్రీ గారు పాతికేళ్ళ కిందట కాకినాడ వదిలి వచ్చినప్పుడు ఆచారాలు ఎలా ఉన్నాయో, అలాగే మడతపెట్టి దాచుకున్న మనిషి. కాబట్టి అయ్యుండొచ్చు. కానీ మండపేట నుంచి వాళ్ళమ్మ ఫోన్లో, "నెలంతానా! ఇక్కడే ఎవరూ పాటించట్లేదురా. పక్కింటి కోడలు నాలుగు రోజులుండి సినిమా చూసి వచ్చేసింది," అనేసరికి మళ్ళీ అనుమానం మొదలైంది. మంగళ ఫోన్ చేయదు. అతను చేస్తే "లెక్చర్‌లో ఉన్నా" అంటుంది. ఒకసారి మాత్రం "తిన్నావా?" అని మెసేజ్ పెట్టింది. ఆ ఒక్క మాటని ప్రేమగా చదివి చూశాడు, కోపంగా చదివి చూశాడు, జాలిగా చదివి చూశాడు. మూడు రకాలుగానూ సరిపోయింది.

ఇదిగో, ఇలా ఉండగా ఓ శుక్రవారం పొద్దున్నే వీసా ఆఫీసు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. అతని పేరు మొత్తం చదవడానికి పాపం ఆవిడకి మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది.

"మీ భార్య మీ పక్కన ఉన్నారా?" అని అడిగింది.

"లేదు," అన్నాడు సత్తిబాబు.

"పనికి వెళ్ళారా?"

"లేదు. వాళ్ళమ్మగారింట్లో ఉంది. రెండు వారాలైంది."

"అంటే, మీరిద్దరూ విడిపోయారా?"

చూశారా! తనకు తాను రెండు వారాలుగా వేసుకుంటున్న ప్రశ్నే అది. ఆవిడకేమైనా తెలిస్తే చెప్పమని అడుగుదామా అనిపించింది.

"లేదండీ. ఆషాఢం," అన్నాడు.

అదేమిటో వివరించమంది ఆవిడ. వివరించాడు. కొత్తగా పెళ్ళైనవాళ్ళని మా వైపు ఈ నెల విడిగా ఉంచుతారన్నాడు. ఎందుకని అడిగింది. ఈ నెలలో కడుపు పడితే బిడ్డ మంచి ఎండల్లో పుడుతుంది, తల్లీబిడ్డా తట్టుకోలేరని పెద్దవాళ్ళు పెట్టారన్నాడు. ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నట్టుంది, కాసేపాగి అంది:

"కానీ ఇక్కడ ఏప్రిల్‌లో చలి మొదలవుతుంది కదా?"

సత్తిబాబు కిటికీలోంచి బయటికి చూశాడు. జూలై నెల. జనం కోట్లు తొడుక్కుని పోతున్నారు. "అవునండీ," అన్నాడు. అంతకన్నా ఏం చెప్పగలడు?

"సరే. మీ స్పాన్సర్‌తో కూడా మాట్లాడతాం," అని ఆవిడ పెట్టేసింది.

వెర్రివాడు వెంటనే రామ్మోహన్‌కి ఫోన్ కొట్టాడు. రామ్మోహన్ కరీంనగర్ వాడు, యూనిలో తోటివాడు, అడిగినా అడగకపోయినా సలహా ఇచ్చే రకం.

"అరే, దీనికి పరేషాన్ ఎందుకు భాయ్! మంగళకు ఒక్క ఫోన్ కొట్టు. వాళ్ళు అడిగితే గిట్ల చెప్పు, గట్ల చెప్పకు అని సమజ్ చెయ్. అయిపాయె."

చెప్పడం తేలికే. కానీ ఆలోచించండి. పీఆర్ కోసమే చేసుకున్నావా అని అడిగి, జవాబు రాక పుట్టింటికి పోయిన పిల్లకి ఫోన్ చేసి, "నా పీఆర్ సంగతి కాస్త చూడు తల్లీ" అనాలన్నమాట! పోనీ ఊరుకుందామా అంటే, ఆ పిల్ల ఉన్నదున్నట్టు మాట్లాడే రకం. "హీ కుడ్ నాట్ ఆన్సర్ మీ" అని ఆఫీసరుతో ఒక్క మాటంటే చాలు, విమానం ఎక్కాల్సిందే. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

మధ్యాహ్నం దాకా గోడకేసి చూసి, చివరికి రైలెక్కాడు. ఫోన్లో కాదు, ఎదురుగా చెబితే బాగుంటుందనిపించింది. పెండిల్ హిల్‌లో దిగి గిరావీన్ వైపు నడుస్తూ దారి పొడుగునా వల్లె వేసుకున్నాడు. మంగా, ఆఫీసులో అడిగితే ఆషాఢం అని చెప్పు, ఇంకేం చెప్పకు. ఆషాఢం అని చెప్పు, ఇంకేం చెప్పకు. నిజం చెప్పాలంటే, ఆ రోజు అతను బయల్దేరింది వీసా కోసమే. ఆ మాట తల్చుకుంటే అతనికి ఇప్పటికీ సిగ్గే.

గేటు తీసి లోపలికి అడుగు పెట్టాడో లేదో, తలుపుకున్న దోమల జాలీ వెనక నుంచి కేక వినబడింది.

"అక్కడే ఆగు బాబూ! గడప తొక్కకు!"

జయశ్రీ గారు. అల్లుడి మొహం కనబడకుండా పక్కకి తిరిగి నిలబడి మాట్లాడుతున్నారు. "రావద్దన్నాను కదా నాయనా! వచ్చావు సరే, ఏమైనా తిన్నావా? చిక్కిపోయుంటావు. ఏమండీ, అల్లుడికి పెసరట్టు పట్టుకెళ్ళండి!"

పారమట్టాలో ఎంతోమందికి మందులు రాసి, ఇది తినండి అది తినకండి అని గద్దించే ఈశ్వరప్రసాద్ గారు, నోరు మెదపకుండా ప్లేటు తెచ్చి అల్లుడి చేతిలో పెట్టి, "ఈ నెల ఇంతేనోయ్," అని భుజం తట్టి లోపలికెళ్ళిపోయారు.

"అత్తయ్యగారూ, మీరు మరీ ఇంత పట్టుదలగా..." అని నసిగాడు సత్తిబాబు.

"నేనా! నేనెక్కడ పట్టుబట్టాను బాబూ?" అన్నారు జాలీ వెనకనుంచి. "ఈ రోజుల్లో, అందులోనూ ఈ దేశంలో, మీకెందుకు చెప్పడం అని నేను నోరెత్తలేదు. అదే ఫోన్ చేసి, అమ్మా ఆషాఢం ఎప్పుడొస్తుంది, నేనొచ్చేస్తానంది. దీపావళి ఏ నెలలో వస్తుందో తెలియని పిల్ల! నాకూ విచిత్రంగానే ఉంది."

ప్లేటు అతని చేతిలో అలాగే ఉండిపోయింది. అయితే ఆచారం కాదన్నమాట. వదిలేసే వచ్చిందన్నమాట. ఏడుపొచ్చినంత పనైంది. దారంతా వల్లె వేసుకున్న మాట ఎటు పోయిందో పోయింది.

ఇంటి పక్క సందులోంచి మంగళ వచ్చింది. వాళ్ళ నాన్న స్వెట్టరు వేసుకుంది. వేళ్ళకి గోరింటాకు ఎర్రగా పండింది.

"ఎందుకొచ్చావ్?" అంది తెలుగులో. కోపంగానే ఉందన్నమాట.

"నువ్వే అడిగావంట కదా, ఆషాఢం ఎప్పుడని," అన్నాడు.

"గొడవపడి వచ్చేశానంటే అందరూ నిన్నే అంటారు. మా వాళ్ళు, మీ అమ్మ, అందరూ. ఆషాఢం అంటే ఎవరూ ఏమీ అడగరు. ఐ జస్ట్ నీడెడ్ టైమ్."

"ఆలోచించుకోడానికా?"

"ఏం? నువ్వొక్కడివే ఆలోచించాలా?"

ఆ మాట సూటిగా తగిలింది. తగలడమే మంచిదైంది.

"మంగా, ఆరోజు నువ్వడిగినదానికి జవాబు చెబుతాను, తిట్టకు. పీఆర్ లేకపోతే నిన్ను చేసుకునేవాణ్ణి కాదు."

మంగళ మొహం తెల్లబోయింది.

"పూర్తిగా విను. రెండేళ్ళు నీ ఎదురుగా కూర్చున్నాను. ఒక్కరోజైనా అడిగానా? నువ్వు డాక్టరుగారమ్మాయివి. నేను పాలడబ్బాలు సర్దేవోణ్ణి. ఎలా అడుగుతాను? వీసా అయిపోతందనేసరికి, ఎలాగూ పోతన్నాను, కాదంటే మాత్రం ఇంక పోయేదేవుందిలే అని అడిగేశాను. ఆ వంక దొరక్కపోతే చచ్చినా నోరు తెరిచేవోణ్ణి కాదు. మండపేట పోయి, నిన్ను తల్చుకుంటా కూర్చునేవోణ్ణి. మరి అడిగితే ఏవని చెప్పను? అవునంటే అబద్ధం, కాదంటే నువ్వు ఇంకోలా అనుకుంటావ్. నీకు ఆషాఢం వంక దొరికినట్టే, నాకు పీఆర్ వంక దొరికింది. అంతే."

అంత పొడుగు మాట అతను జన్మలో మాట్లాడలేదు. మంగళ అతని ప్లేటులోంచి పెసరట్టు ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. కళ్ళు తుడుచుకుందో, జుట్టు పక్కకి తోసుకుందో సరిగా కనబడలేదు.

"దట్స్ ద వర్స్ట్ ఆన్సర్ ఎవర్," అంది చివరికి. "ఇంక వెళ్ళు. చలేస్తోంది."

మంచిగా అందో చెడ్డగా అందో అర్థం కాక, ప్లేటు పిట్టగోడ మీద పెట్టి వెనక్కి తిరిగాడు. చీకటి పడుతోంది. స్టేషన్లో నిలబడి ఆ మాటని కూడా మూడు రకాలుగా అనుకుని చూస్తున్నాడు. ఇంతలో ఫోన్ మోగింది. మంగళ.

"నువ్వు నన్ను ఒక్కటి అడగలేదు."

"ఏంటది?"

"పన్నెండింటికి నాకు వీసా ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. నీతో కూడా మాట్లాడానని చెప్పింది ఆవిడ. అందుకే వచ్చావనుకున్నా. నేనేం చెప్పానో అడుగుతావని చూశాను. అడగలేదు."

"అయ్యబాబోయ్! మర్చేపోయాను మంగా!" అన్నాడు సత్తిబాబు. మొదటిసారి, ఆలోచించకుండా.

రైలొచ్చి ఆగింది, తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి, వెళ్ళిపోయింది. అతను ఫోన్ చెవికి అదిమిపెట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

"ఆషాఢం అని చెప్పాను," అంది మంగళ. తెలుగులోనే అంది. "అదేంటో నీ అంత బాగా చెప్పలేకపోయాను. అయిపోగానే వస్తానని చెప్పాను. శ్రావణం ఎప్పుడో అమ్మనడిగి చెప్తాలే. వచ్చి తీసుకెళ్ళు."

వెనకనుంచి జయశ్రీ గారి గొంతు వినబడింది. "చలిలో అక్కడేం చేస్తున్నావే? ఎవరే ఫోన్లో?"

"మా ఆయనమ్మా," అంది మంగళ.