డోలన్ వారి పడకగది

మా ఊరి చరిత్ర పుస్తకంలోంచి నా భర్త పేరును మాలకీ డోలన్ ఎర్ర పెన్నుతో కొట్టేశాడు.

ఊరంటే డ్రమ్‌కీల. నలభై దుకాణాలు, ఒక చర్చి, చివర వంతెన. వంతెన దాటితే వేరే దేశం. అవతల అద్దె తక్కువని మేము అక్కడ ఉండేవాళ్లం. మా ఆయన ఏలీయా ఉద్యోగం మాత్రం ఇవతల వృద్ధాశ్రమంలో. కోవిడ్ రోజుల్లో కన్నబిడ్డలను కూడా లోపలికి రానివ్వకపోతే, మాలకీ తల్లి చెయ్యి పట్టుకుని మూడు రోజులు కూర్చున్నది ఏలీయానే. ఆమె పోయిన పదో రోజున అదే జబ్బుతో ఆయనా పోయాడు.

“ఊరి కోసం పోయినవాళ్లు” అనే పేజీలో ఆయన గురించి ఒక్క లైను రాసిచ్చాను. చరిత్ర కమిటీ అధ్యక్షుడు మాలకీ దాన్ని కొట్టేసి, ఆ కాగితం అంచున రాసిచ్చాడు: “ఎవరు ఎక్కడ పడుకుంటే అక్కడివారే. నియమం అందరికీ ఒకటే.” కింద సంతకం కూడా పెట్టాడు పెద్దమనిషి.

నా కూతురు అబిగేయిల్ ఇక్కడే పెరిగిన పిల్ల; ఇక్కడివాళ్ల మాటలో గ్రాండ్ అంటే ‘ఫర్వాలేదు’ అని. “మమ్మీ, ఇట్స్ గ్రాండ్. లెట్ ఇట్ గో,” అంది.

“మీ నాన్న పేరు కొట్టేస్తే గ్రాండ్ ఏంటే? ఆ కాగితం ఇటియ్యి, దాచిపెడతా,” అన్నాను.

ఒళ్లు మండిపోతూనే టైపు పనికి కూర్చున్నాను. పుస్తకం టైపు చేసి ప్రింటరుకు పంపే పని నాదే. ఆఖరి ప్రూఫు చూసే ఓపిక కమిటీలో ఎవరికీ లేదు.

టైపు చేస్తుంటే మాలకీ తన వంశం గురించి రాసుకున్న పన్నెండు పేజీలు వచ్చాయి. ఊరి శివార్లలో సరిహద్దు వాళ్ల ఇంటి మధ్యనుంచే పోతుందట. కస్టమ్స్ వాళ్లు వంటింట్లోకి వస్తే, తాత పన్ను ఎగ్గొట్టి తెచ్చిన వెన్న పెట్టెలను పడకగదిలోకి జరిపి, అది అవతలి దేశమని నవ్వేవాడట. అదే గదిలో తాను పుట్టానని, ఇప్పటికీ అక్కడే పడుకుంటానని గొప్పగా రాసుకున్నాడు. రెండుసార్లు చదివాను. చాలా రోజుల తర్వాత ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాను.

పుస్తకావిష్కరణ చర్చి హాల్లో జరిగింది. బల్ల మీద రెండు వందల కాపీలు. మాలకీ పేజీలు ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు.

“మార్తా, మా వంశం ఏది?”

“మీ పడక అవతల ఉంది కదండీ,” అంటూ అతని కాగితమే తీసి చూపించాను. “నియమం అందరికీ ఒకటే.”

చుట్టూ ఉన్నవాళ్లు వంగి చదివారు. ఒకావిడ నవ్వు ఆపుకోలేకపోయింది. నాకు ఎంత హాయిగా అనిపించిందో దాచుకోను.

బల్ల కింద నుంచి పెట్టె లాగాను. ఆ పన్నెండు పేజీలను విడిగా అచ్చు వేయించి ఉంచాను. “మీరు ఏలీయా పేరు రాసిన ప్రతి కాపీలోనూ ఇవి పెడతాను. మీ చేత్తోనే రాయాలి.” ఎర్ర పెన్ను కూడా నేనే ఇచ్చాను.

ఊరంతా చూస్తుండగా కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. నలభయ్యో కాపీ దగ్గర వేళ్లు విదిలించాడు. “చెయ్యి లాగేస్తోంది మార్తా. మిగతావి రేపు రాస్తాను.”

“మీ అమ్మగారి చెయ్యి ఆయన మూడు రోజులు పట్టుకున్నాడు,” అని తర్వాతి పుస్తకం తెరిచి అతని ముందు పెట్టాను.