మబ్బుల్లేని ఫొటోలు

సెలా ఆ మాట మాటవరసకే అంది. వీడియో కాల్ ముగియబోతుండగా, "ఈ వానల నెలల్లో మావాళ్లు ఉత్తరపు కొసన పడవలు కట్టరు, అక్కడ ఇసుక కొట్టుకుపోయి ఉంటుంది" అని నవ్వి సెలవు తీసుకుంది. సన్నీవేల్ ఆఫీసులో మృదుల మాత్రం ఆరిపోయిన తెర వంక చూస్తూ ఉండిపోయింది. ఇసుక కొట్టుకుపోవడమేమిటి?

పసిఫిక్ సముద్రంలో పదివేలమంది కూడా లేని ఒక చిన్న దేశానికి సెలా ప్రభుత్వ సర్వేయరు. ఆ దేశపు దీవుల్లో ఓనవాయి ఒకటి. సముద్రం ఏటేటా దాని తూర్పు ఒడ్డును కొరికేస్తోంది. అక్కడి బడినీ, మంచినీళ్ల ట్యాంకునూ, పన్నెండు ఇళ్లనూ ఎటు మార్చాలి? పదిహేనేళ్ల ఉపగ్రహ చిత్రాలు పరిశీలించి మృదులే జవాబు చెప్పింది. ఉత్తరపు కొస ముప్ఫై మీటర్లు పెరిగింది, అటు వెళ్లండి అని. ఆ రిపోర్టు వెళ్లి మూడు వారాలైంది. గురువారం దీవి పెద్దల సభలో స్థలం ఖాయం చేస్తారు. వాళ్ల గురువారం ఉదయం పదంటే ఇక్కడ బుధవారం మధ్యాహ్నం రెండు. ఇవాళ సోమవారం.

కాఫీ కలుపుకుని తాగడం మరిచిపోయింది. పార్కింగ్ లాట్ చుట్టూ రెండుసార్లు తిరిగొచ్చి, వాడిన చిత్రాల జాబితా తెరిచింది. ఇటీవలి ఏళ్లవన్నీ జూన్ నుంచి సెప్టెంబరు లోపు తీసినవే. అవి అక్కడ వానల్లేని నెలలు. పాత ఏళ్లవి దొరికిందే కొన్ని గనక మబ్బున్నా ఉంచేసింది. వాటిలో చాలావరకు జనవరి, ఫిబ్రవరి నెలలవి. ఇటీవలి వాటిలో మబ్బు పది శాతం దాటితే తీసెయ్యమని ప్రోగ్రామ్‌లో రాసింది తనే.

ఆ సాయంత్రం వంటింట్లో నిలబడ్డా మనసు అక్కడ లేదు. "అమ్మా, పప్పులో సాల్ట్ టూ టైమ్స్ వేశావ్" అంది కూతురు ఇషా. మృదుల ఆమె పళ్లెంలో పెరుగు వేసింది.

మర్నాడు పొద్దున్నే గోపీనాథ్ గదిలోకి వెళ్లింది. గుంటూరు నుంచి వచ్చి నలభై ఏళ్లయిన మనిషి. ఈ టీమ్‌ని ఒక్కొక్కరిగా కూర్చింది ఆయనే.

"గోపీనాథ్ గారూ, ఓనవాయి రిపోర్ట్ తప్పు. పాత వానాకాలం ఒడ్డుని ఇప్పటి ఎండాకాలం ఒడ్డుతో కంపేర్ చేశాను."

"చెక్ చేశావా?"

"రాడార్ డేటా రన్ చేశాను. దానికి మబ్బులు అడ్డం కాదు కదా. ఆ కొస పెరగట్లేదండీ. ఇసుక ఏటా వస్తోంది, పోతోంది, అంతే."

ఆయన కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. "సరే, వెర్షన్ టూ పంపిద్దాం. వచ్చే నెల వాళ్ల ప్రభుత్వంతో కాంట్రాక్ట్ రెన్యూ అయ్యాక. ఇప్పుడు కదిపితే మిగతా ఎనిమిది దీవుల పనీ ఆగిపోతుందమ్మా."

"ఈలోపు వాళ్లక్కడ బడి కడితే?"

"నెలలో ఎవరూ బడి కట్టరు, మృదులా."

అదీ నిజమే. నిజం కావడం వల్లే ఆమెకు కాలు నిలవలేదు. మధ్యాహ్నం కార్లో కూర్చుని సెలాకు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పింది. అవతల కోళ్లు కూస్తున్నాయి.

"మా పెదనాన్న తోమాసి తన ఇల్లు విప్పేశాడు" అంది సెలా. "సభ దాకా ఆగమన్నాను. ఉపగ్రహమే చెప్పాక ఇంకా ఆగేదేముందన్నాడు. వాసాలన్నీ ఉత్తరపు కొసకు మోసుకుపోయారు."

మృదుల స్టీరింగ్ మీద నుదురు ఆనించింది.

"నేను చెబితే వినరు. ఈ మూడు వారాలూ మీ మ్యాపు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి నమ్మించింది నేనే. సభలో మీరే చెప్పండి."

బుధవారం ఉదయం గోపీనాథ్ ఎదుట నిలబడి, "రెండింటికి నేను వాళ్లతో మాట్లాడుతున్నాను. మీకు చెప్పకుండా చేయలేను" అంది. ఆయన తలెత్తలేదు.

రెండింటికి తెరమీద చాపల మీద కూర్చున్న ముప్ఫైమంది కనిపించారు. మృదుల మ్యాపులేవీ చూపించలేదు. తప్పు ఎక్కడ జరిగిందో చెప్పింది. సెలా వాళ్ల భాషలో చెప్పుకుపోయింది. ముందు వరసలోని ముసలాయన చెయ్యెత్తాడు. ఆయనే తోమాసి.

"మీ ఉపగ్రహానికి మా వానాకాలం కనబడలేదా?"

"కనబడిందండీ. మబ్బులున్నాయని ఆ ఫొటోలు నేనే పారేశాను."

"ఆ ఇసుక నిలవదని మాకు తెలుసు. పైనుంచి చూసేవాళ్లకు అంతకంటే తెలుసనుకున్నాం. ఒక్క మాట మమ్మల్ని అడగాల్సింది."

అంతలో తలుపు తెరుచుకుంది. గోపీనాథ్ కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. "రిపోర్టు మీద నా సంతకం కూడా ఉంది" అన్నాడు తెరవైపు చూసి. "అడగనిది మేమిద్దరమూ."

సభ నిర్ణయాన్ని ఏడాది వాయిదా వేసింది. తోమాసి ఇంటి వాసాలను ఊరంతా కలిసి వెనక్కి మోసుకొచ్చి, దీవి నడుమన ఇల్లు నిలబెట్టారు. ఒడ్డు పొడవునా గుంజలు పాతి నెలనెలా కొలవడం మొదలుపెట్టారు.

కాంట్రాక్టు రెన్యూ కాలేదు. మృదులను ద్రాక్షతోటల ప్రాజెక్టులోకి మార్చారు. గోపీనాథ్ ఆమెను ఒక్క మాట కూడా అనలేదు గానీ, మిగతా దీవుల ఫైళ్లు మూసేసిన రోజు ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి వెళ్లిపోయాడు. ఆ రోజంతా మృదులకు అన్నం సయించలేదు.

సెలా కొలతలు మాత్రం వస్తూనే ఉన్నాయి. మృదుల లంచ్ టైమ్‌లో వాటిని రాడార్ చిత్రాలతో సరిచూస్తోంది. మే నెల కొలతల్లో ఒక గుంజ దగ్గర నాలుగు మీటర్ల తేడా వచ్చింది. ఆగలేక వెంటనే ఫోన్ చేసింది.

"మళ్లీ కొలవమంటారా?" అంది సెలా.

"వద్దు, తప్పు నాదేమో చూసుకుంటాను. ముందు ఒకటి చెప్పండి. ఆ గుంజ దగ్గర నిలబడితే మీకు ఏం కనబడుతోంది?"

సెలా చెప్పడం మొదలుపెట్టింది. మృదుల కుర్చీలోంచి లేచి, గదిలో అటూ ఇటూ నడుస్తూ, ఒక్కో మాటా రాసుకుంటోంది.