మైకు కాశీరాం అడిగి పిలిచిన రోజు

కాశీరాం సూర్యాపేటలో మైకు ముందు ఒక్కసారి గొంతు సవరించుకున్నాడంటే, ఆ సవరింపు హైవే పట్టుకుని కోదాడ దాకా పోయి, అక్కడి కుక్కల్ని లేపి నిలబెట్టి, మిర్యాలగూడ మీదుగా తిరిగి వచ్చి ఆయన చెవిలోనే పడేది. మిర్యాలగూడ మిల్లుల్లో హమాలీలు వీపు మీది బస్తా దించి "మనల్నేనా పిలుస్తుండు?" అని చుట్టూ చూసేవారు. నమ్మనివాళ్లు నమ్మకపోండి, నాకు పోయేదేమీ లేదు.

ఆ ఆదివారం పొద్దున ఆయన కోదాడలో, బైపాసు పక్క మైదానంలో, నిచ్చెన చివరి మెట్టు మీద నిలబడి గుంజకు హారన్ కడుతున్నాడు. నోట్లో టేపు ముక్క, మెడకు దండలాగా వైరు చుట్ట, చొక్కా జేబులో టెస్టరు, బాల్‌పెన్ను, నాలుగు లవంగాలు. సన్నటి మనిషి. గొంతులో రేగిపండు అడ్డం పడ్డట్టు కంఠముడి ఒకటి పైకీ కిందికీ తిరుగుతూ ఉంటుంది. ఏళ్ల తరబడి హారన్ పక్కనే నిలబడ్డందుకు ఎడమ చెవి సగం పోయింది. అందుకే ఎవరు మాట్లాడినా తల పక్కకు వంచి వింటాడు. చూసేవాళ్లకు అది వినయంలా కనిపిస్తుంది.

"హలో, హలో, మైక్ టెస్టింగ్" అంటూ ఆయన బతుకంతా గడిచింది. పెళ్లికి ఒక గొంతు, చావు కబురుకు ఒక గొంతు, ఓట్ల ఆటోకు ఇంకొకటి, జాతరలో తప్పిపోయిన పిల్లలకు మరొకటి. పెళ్లిలో ఏం మాట్లాడాలో పెళ్లివారు చెబుతారు. చావుకు చీటీ రాసిస్తారు. ఓట్లకు పార్టీవాళ్లే రికార్డు చేసి ఇస్తారు. ఒక్క కబడ్డీలోనే నోరు ఆయన సొంతం. అక్కడ ఆయన అన్నదే మాట, ఆయన లేపిందే దుమ్ము. నెలంతా పెళ్లిళ్లూ చావులూ తిరిగేది ఆ ఒక్క పూట కోసమే.

ఆ నోరే పోయిన ఏడు ఆయన కొంప ముంచింది.

మగవాళ్ల ఆటలో "పులి దూకింది! పంజా విసిరింది!" అని అరిచే మనిషి, ఆడవాళ్లు కోర్టులోకి దిగగానే పెళ్లిపందిట్లో నిలబడ్డట్టు మారిపోయేవాడు. "చెల్లెమ్మ వెళ్తోంది, మెల్లగా తల్లీ, చూసుకుని అడుగెయ్యమ్మా" అనేవాడు. మిర్యాలగూడలో ఫైనల్ నడుస్తుండగా ఒకామె కిందపడితే, "వదినమ్మా, గాజులు పదిలం!" అన్నాడు. జనం నవ్వారు. పడ్డామె లేచి, దుమ్ము దులుపుకుని, నేరుగా కోర్టు దాటి బయటికి నడిచింది. వెనకాలే రెండు జట్లూ నడిచాయి. కప్పు బల్ల మీద ఒంటరిగా ఉండిపోయింది. అప్పటినుంచి కాశీరాంను కబడ్డీకి పిలిచినవాళ్లు లేరు.

ఈసారి పిలిచింది దామోదర్. కోదాడలో విత్తనాల దుకాణం, ఊళ్లో పొలం, నాలుగు పార్టీల్లో స్నేహాలు ఉన్న మనిషి. టోర్నమెంటు ఖర్చంతా ఆయనదే. నిచ్చెన కిందికి వచ్చి నిలబడ్డాడు.

"ఏమయ్యా కాశీరాం, ముందే చెబుతున్నా విను. ఇవాళ కూడా ఆడవాళ్లు కోర్టు దిగిపోయారంటే నీ మైకుకి ఇదే ఆఖరి ఆట. వచ్చే నెల ఆటకి నిన్ను పిలవాలో వద్దో తేల్చకుండా మిర్యాలగూడ వాళ్లు నా మాట కోసమే ఆగారు. డీజే కుర్రాడొకడు రెడీగా ఉన్నాడు."

"వాడు పాటలు పెడతడు సార్. ఆట జెప్పడు."

"పాటలకి ఎవరూ అలగరు కదయ్యా!" అని దామోదర్ షామియానా కిందికి వెళ్లిపోయాడు.

కాశీరాం నిచ్చెన దిగాడు. ఒక లవంగం బుగ్గన పెట్టుకుని కాసేపు ఆలోచించాడు. ఎవరిని ఎట్లా పిలవాలో తనకు తెలియనప్పుడు, తెలిసినవాళ్లనే అడిగితే పోలా? ఇంత చిన్న సంగతి ఇన్నేళ్లూ బుర్రకు తట్టనందుకు తనలో తానే నవ్వుకుని, నీళ్ల ట్యాంకరు నీడలో కూర్చున్న మోతె ఆడవాళ్ల జట్టు దగ్గరికి నడిచాడు.

"అమ్మలారా, అక్కలారా..." అని మొదలుపెట్టాడు.

"షురూ జేసిండు!" అని బూట్ల తాడు కట్టుకుంటున్న ఒకామె అనగానే జట్టంతా గొల్లున నవ్వింది. ఆమె సుకన్య, జట్టు కెప్టెన్. హైవే మీద పెట్రోల్ బంకులో పని. గోనె భుజాన వేసుకుని నడిచేవాళ్ల భుజాలు ఆమెవి.

"గందుకే వచ్చిన బిడ్డా. మైకుల మిమ్మల్ని ఎట్ల పిలువాల్నో మీరే జెప్పుండ్రి. గట్లనే పిలుస్త."

సుకన్య తాడు వదిలేసి తల ఎత్తింది. "నిజంగనా? రోజంతా బంకుల 'ఓ అక్కా, ఓ పాపా, ఓ మేడం, వందది కొట్టు' అంటరు. గీడికొచ్చి గూడ గదేనా? నాకు పేరుంది. సుకన్య అను."

"ఉత్త సుకన్యనేనా? ముంగట కుమారి అనో, శ్రీమతి అనో ఏమన్న పెట్టాల్నా?"

"మొగోళ్ల పేర్ల ముంగట ఏం పెడుతున్నవ్?"

"పులి."

"మరి నాగ్గూడ పులే పెట్టు!"

కాశీరాం బాల్‌పెన్ను తీసి ఎడమ అరచేతిలో 'సుకన్య, పులి' అని రాసుకున్నాడు. పక్కనున్న సన్నపాటి పిల్ల మోకాళ్ల మీద ముందుకు జరిగి, గొంతు తగ్గించింది. ఆమె నందిని. మోతె దగ్గరి తండాకు కొత్తగా వచ్చిన కోడలు.

"తాతా, నా పేరు మాత్రం తియ్యకు. కోదాడ దవాఖానకు పోతున్ననని మా అత్తకు జెప్పి వచ్చిన. నీ మైకు మోతె దాక ఇనపడతదట గదా! నువ్వే జెప్తవట అందరికి."

కాశీరాం తల ఎత్తి గుంజ మీది హారన్‌ను చూశాడు. కంఠముడి ఒకసారి పైకి పోయి కిందికి దిగింది. అవునంటే పిల్ల పేరు పోతుంది, కాదంటే తన పేరు పోతుంది. చుట్టూ జట్టంతా వింటోంది.

"బిడ్డా," అన్నాడు చివరికి, "గది బైపాసు గూడ దాటదు. ఒక్క లారీ హారన్ కొడితే నా మైకు ఖతం."

"మరి కోదాడ కుక్కలు లేస్తయంట?"

"కుక్కలదేముంది, అవి ఊకెనే లేస్తయి!"

నవ్వి నవ్వి సుకన్య ట్యాంకరుకు జారబడింది. పెద్దమనిషి తానే ఒప్పుకున్నాక మధ్యలో నాకెందుకు పట్టుదల? మొదట్లో నేను కొట్టిన గొప్పను కూడా ఇక్కడే వెనక్కి తీసుకుంటున్నాను. మిర్యాలగూడ హమాలీలు ఏనాడూ బస్తా దించలేదు.

నందిని ముఖం మాత్రం వెలిగిపోయింది. "గట్లయితే గట్టిగ పిలువు తాతా! తండాల అందరు మా మామ పేరు పెట్టి గేమ్యా కోడలా, గేమ్యా కోడలా అంటరు. పెండ్లయిన కాడినుంచి నా పేరు నేనే ఇనలే. నందిని అను. రెండుసార్లు అను!"

చివరన ఒకామె మోకాలికి గుడ్డ చుట్టుకుంటోంది. మిగతావాళ్లకంటే పదిహేనేళ్లు పెద్ద. చెవుల దగ్గర నెరిసిన వెంట్రుకలు, నాట్లు వేసి వేసి వంగిన చేతివేళ్లు. పేరు జానకమ్మ. కార్నర్‌లో నిలబడి రైడర్ల మడమ పట్టడంలో ఆ చుట్టుపక్కల ఆమెకు సాటి లేరు.

"నిన్నేమనాలె అక్కా?"

"అందరు జానకమ్మనే అంటున్నరు గద అన్నా. నీ ఇష్టం," అని ఆమె మళ్లీ గుడ్డ వైపు చూసుకుంది.

అవతలి మాడుగులపల్లి జట్టునూ అడిగి వచ్చాడు. ఒకామె తనను నంబరుతో పిలవమంది. ఒకామె, ఏమన్నా అను గానీ బొద్దు అనవద్దంది. అరచెయ్యి నిండిపోయింది.

మధ్యాహ్నానికి మైదానం చుట్టూ మనిషి మీద మనిషి. ట్రాక్టర్ ట్రాలీల మీద, గోడ మీద, ట్యాంకరు మీద జనం. ఈల పడింది. కాశీరాం స్విచ్చి నొక్కాడు.

"వచ్చింది... నందిని! నందిని! గాలి ఇటొచ్చి అటు పోయింది, పోతూ పోతూ పాయింటు పట్టుకుపోయింది!"

తన పేరు నెత్తి మీద నుంచి అట్లా పోతుంటే నందిని ఒక్క క్షణం ఆకాశంలోకి చూసింది. తర్వాతి రైడ్‌లో ఇద్దరిని తాకి వచ్చింది. జనం ఊగిపోయారు. కాశీరాంకు పూనకం వచ్చినట్టయింది. వేళ్లు మైకును పిసికేస్తున్నాయి, చెమట మోచేతి దాకా కారుతోంది. పాయింట్లు పక్కపక్కనే పోతున్నాయి. అప్పుడు సుకన్య రైడ్‌కు వెళ్లింది. కాశీరాం అరచెయ్యి చూసుకున్నాడు. నీలం మరక తప్ప అక్షరం లేదు. కంగారులో పాత నోరు తెరుచుకుంది.

"చెల్లెమ్మ వెళ్తోంది, మెల్లగా తల్లీ..."

కూత పట్టి ఉన్న సుకన్య తిట్టడానికి లేదు. మాట్లాడితే కూత తెగుతుంది. కబడ్డీ కబడ్డీ అంటూనే తల తిప్పి, మైకు బల్ల వైపు వేలు చూపించి, కళ్లతోనే నాలుగు వాయించింది. ఆ క్షణం చాలు. అవతలివాళ్లు ఇద్దరు కాళ్లు పట్టి కూలేశారు.

సుకన్య లేచి కోర్టు దాటి బయటికి నడిచింది. షామియానా కింద దామోదర్ కుర్చీలోంచి లేచాడు. కాశీరాంకు మిర్యాలగూడ బల్ల మీది కప్పు కళ్లముందు మెరిసింది. సుకన్య వచ్చి బల్ల ముందు నిలబడింది.

"గా చెయ్యి సూపియ్ కాశన్నా."

చూపించాడు. మరకను చూసి ఆమె ముక్కుతో గాలి వదిలింది. "చెమటకు పోయే కాడ రాసుకున్నవా! పోయేది నా పాయింటు. అందరి ముంగట తప్పు ఒప్పుకో, పోయి ఆడుకుంట."

కాశీరాం మైకు దగ్గరగా పట్టుకున్నాడు. ఏ గొంతూ ఎంచుకోలేదు, ఉన్న గొంతుతోనే మాట్లాడాడు. "మైదానంలో ఉన్నవారందరికీ. ఇప్పుడు పోయిన పాయింటు రైడరు పోగొట్టింది కాదు. నా నోరు పోగొట్టింది. ఇంకోసారి ఆమెను చెల్లెమ్మ అంటే మీరే వచ్చి వైరు పీకేయండి. మోతె కెప్టెన్, పులి... సుకన్య!"

ట్రాలీల మీది జనం డబ్బాలు వాయించారు. సుకన్య నవ్వు ఆపుకుంటూ వెనక్కి పరుగెత్తింది. దామోదర్ మెల్లగా కూర్చున్నాడు.

సగం ఆట విరామంలో జానకమ్మ ఒక్కతే బల్ల దగ్గరికి వచ్చింది.

"అన్నా, పొద్దున అడిగినవ్ గద."

"అడిగిన అక్కా."

"పవన్ వాళ్లమ్మ అని పిలుస్తవా?"

కాశీరాం తడబడ్డాడు. "సొంత పేరుండంగ కొడుకు పేరు మీద పిలిస్తే గా సుకన్య నన్ను బతకనిస్తదా? ఇంతకు ఏడి మీ పిలగాడు? ఆట సూడనీకి వచ్చిండా?"

"లేడన్నా." బస్సు లేదన్నట్టుగా అంది. "బండి ఆక్సిడెంట్ల పోయిండు. రెండేండ్లయితుంది." మోకాలి గుడ్డ బిగించుకుంటూ, "అంతకుముందు ఊరంత నన్ను గట్లనే పిలిచేది. గిప్పుడు ఎవ్వరు పిలుస్తలేరు. నోట్లెకొచ్చిన మాట మింగి, జానకమ్మా అంటున్నరు. నా మంచికే అంటున్నరు, కాదనను. కని వాని పేరు నా చెవుల పడక ఎంత దినమాయె!"

కాశీరాం సగం పోయిన చెవి వైపు కాదు, బాగున్న చెవి వైపు తల వంచి ఉన్నాడు. ఒక్క మాటా పోలేదు. జవాబు చెప్పబోయేసరికి ఈల పడింది, ఆమె వెళ్లిపోయింది.

ఆఖరి నిమిషం. రెండు జట్లూ సమానం. మాడుగులపల్లి రైడర్ వచ్చింది, ఆరడుగుల మనిషి, ఒక్క కాలు చాపితే సగం కోర్టు. అటు ఊగింది, ఇటు ఊగింది. నందినిని తాకబోయి తప్పింది. వెనక్కి తిరిగింది. గీత ఇంకా జానెడు దూరం ఉందనగా, కార్నర్ నుంచి ఒక నెరిసిన తల నేల మీదికి పడింది. రెండు చేతుల వంగిన వేళ్లూ మడమ చుట్టూ బిగిశాయి.

"పట్టింది!" కాశీరాం బల్ల ఎక్కేశాడు. "పట్టిందయ్యా పట్టింది! పవన్ వాళ్లమ్మ పట్టింది! ఉడుంపట్టు! గుంజు, నీ బలమంతా పెట్టి గుంజు, వదలదు! పవన్ వాళ్లమ్మ వదలదు!"

మోతె ఆడవాళ్లు ఒక్కసారి ఉలిక్కిపడి మైకు వైపు చూశారు. తర్వాత జానకమ్మ ముఖం చూశారు. దుమ్ములో, ఎగశ్వాసలో, ఆ ముఖం నవ్వుతోంది. అంతే, సుకన్య గొంతు ముందు లేచింది: "పవనమ్మా, పట్టు!" రెండేళ్లుగా మింగిన మాట ట్రాలీల మీద నుంచి, గోడ మీద నుంచి ఒక్కసారిగా బయటపడింది. ఈల ఎప్పుడు పడిందో, మోతె ఎప్పుడు గెలిచిందో ఎవరికీ తెలియలేదు.

దామోదర్ వచ్చి కాశీరాం వీపు మీద చరిచాడు. "మిర్యాలగూడకి నువ్వే రావాలయ్యా. గొంతు దాచుకో."

"మొగోళ్లను గూడ అడిగి పిలుస్త సార్. అందరు పులులే అయితే ఆట బోరు గొడ్తది."

పొద్దు వాలుతుండగా మోతె ఆటో ట్రాలీ బయలుదేరబోయింది. జానకమ్మ పరుగున వచ్చింది. చప్పరిస్తున్న ఉప్పద్దిన నిమ్మచెక్కను ఆంప్లిఫయర్ మీద పెట్టి, చేతులు చీరకు తుడుచుకుని, ఏదో చెప్పబోయింది. ట్రాలీవాడు హారన్ కొట్టాడు. "పోయొస్త అన్నా," అని మాత్రం అని వెళ్లిపోయింది. తర్వాత ఆమె మళ్లీ కోర్టులోకి దిగలేదని, మోకాలు సహకరించలేదని అన్నారు.

ఇంతకీ దాచడమెందుకు, రెండు జట్లూ సమానమన్నదీ, మోతె గెలిచిందన్నదీ నేను కలిపిన అబద్ధాలు. జనం అంత అరిచాక ఓడిపోయారని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అప్పటికి వాళ్లు రెండు పాయింట్లు వెనకబడి ఉన్నారు, ఆ పట్టుతో ఒకటి తగ్గింది, కప్పు మాడుగులపల్లికి పోయింది. పట్టు నిజం. పిలుపు నిజం. వైర్లన్నీ చుట్టి, హారన్ దించి, ఆంప్లిఫయర్ ఎత్తబోయిన కాశీరాం, ఇంకా వెచ్చగా ఉన్న ఆ రేకు మీద ఉప్పు పేరుకుని, పంటిగాట్లతో, సగం చప్పరించిన ఆ నిమ్మచెక్కను అక్కడే ఉండనిచ్చాడు.