దవాఖాన చీటీలో నా అబద్ధం

“బండి జారి పడ్డడు.” దవాఖాన చీటీలో ఆ మాట రాయించింది నేనే. నా నోరు పడిపోను!

మా ఆయన బాలమల్లు జారి పడలేదు. పాల్మాకులలో మా తమ్ముడు ఉపేందర్ తాగి, ట్రాలీ ఆటో వెనక్కి తీస్తూ గుద్దాడు. పోలీసులు వాణ్ని పట్టుకుపోతారని భయపడి డాక్టరుకు అలా చెప్పాను. మూడో రోజు కాలు తీసేశారు. ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎత్తే మనిషి మంచం దిగాలన్నా నా భుజం కావాల్సి వచ్చింది. అప్పుడు తెలివొచ్చి ఆ ఆటో ఇన్సూరెన్సు మీద నష్టపరిహారం కేసు వేశాం. తమ్ముడు తాగిన సంగతి మాత్రం దాచాం. ఇన్సూరెన్సు వాళ్లేమో ఆ చీటీ పట్టుకుని, అసలు ఆటో గుద్దనే లేదన్నారు.

“చీటీ ఒక్కటి చూసి కేసు కొట్టెయ్యొద్దని ఈమధ్య తీర్పులు వస్తున్నయక్కా,” అంది మా వకీలు రేచల్. “కానీ గట్ల ఎందుకు రాయించినవో నిజం చెప్పాలె. తాగి నడిపినా ముందు ఇన్సూరెన్సు కంపెనీతోనే కట్టిస్తున్నరు. తర్వాత ఆ పైసలు కంపెనీ వాళ్లు నీ తమ్ముని దగ్గర వసూలు చేసుకుంటరు.”

వాడికున్నది ఆ ఆటో ఒక్కటే.

కోర్టు మూడో అంతస్తులో ఉంది. బావను వీపు మీద ఎక్కించుకుని ఉపేందరే మెట్లెక్కాడు. “అక్కా, జర చూసుకుంట ఎక్కు,” అన్నాడు దారంతా. పైకి వెళ్లాక నా చెయ్యి పట్టుకున్నాడు. “తాగిన ముచ్చట ఎత్తకే. ఆటో పోతే పిల్లలతోని నేనెట్ల బతకాలె?”

బోనులో నిలబడ్డాను. కంపెనీ వకీలు చీటీ చూపించాడు.

“జారి పడ్డాడని చెప్పింది మీరే కదమ్మా?”

“నేనే సార్.”

“అయితే ఆటో గుద్దలేదన్నమాట.”

తల తిప్పి చూశాను. బెంచీ మీద మా ఆయన, మడిచి పిన్నీసు పెట్టిన ప్యాంటు కాలు. వెనకాల తమ్ముడు రెండు చేతులూ జోడించి ఉన్నాడు. దేవుడా, ఎవరిని చంపుకోను?

“గుద్దింది సార్! నా తమ్ముడే గుద్దిండు. తాగి ఉన్నడు. వాణ్ని కాపాడనీకి నేను అబద్ధమాడిన.”

బయటికొచ్చేసరికి ఉపేందర్ కనబడలేదు. మా ఆయన మెట్ల వైపు చూశాడు. “ఎట్ల దిగుదమే?”

నేను కొంగు నడుముకు చుట్టుకుంటుండగా కింది నుంచి తమ్ముడు వచ్చాడు. మా ఆయన ముందు వీపు పెట్టి కూర్చున్నాడు.

“ఎక్కు బావా.”

చంకకర్రలు పట్టుకుని వెనకే నడిచాను. మూడంతస్తులూ దిగాం. వాడు ఒక్కసారి కూడా అక్కా అని పిలవలేదు.