ఓరిన్ ఇంటి దొంగ మంట

హెరాన్ బేలో మగవాడి పరువు అతని కట్టెల పేర్పులో ఉంటుంది. మిన్నెసోటా ఉత్తరాన, సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో కారు తుప్పు పట్టినా, ఇంటికి రంగు లేకపోయినా అడిగే నాథుడు లేడు. కట్టెలు మాత్రం బాగా ఎండి, వరస తప్పకుండా, వంకర లేకుండా పేర్చి ఉండాలి. ఆ విద్యలో ఓరిన్ హాగ్లండ్‌ని కొట్టినవాడు లేడు. ఆదివారం చర్చి అయ్యాక జనం దారి మార్చుకుని మరీ అతని పెరటి వైపు వచ్చేవాళ్లు. తెల్ల బెరడున్న ఆ బర్చ్ చెట్టు కట్టెల గోడని చూసి, "బాగానే ఉంది," అనేవాళ్లు. అక్కడ అంతకు మించిన పొగడ్త ఇంకా పుట్టలేదు.

అలాంటి ఓరిన్‌తో డాక్టరు, "నీ ఊపిరితిత్తులకి ఇక పొగ పనికిరాదు," అన్నాడు. అతని భార్య మార్లిస్‌కి ఆ ఒక్క ముక్క చాలు. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ చలి కాచుకునే కట్టెల పొయ్యిలో బూడిద ఎత్తి ఎత్తి ఆవిడకి విసుగెత్తిపోయింది.

"గ్యాసు ఫైర్‌ప్లేస్ పెట్టిస్తావా, నన్ను మా అక్క దగ్గరికి పొమ్మంటావా?"

"పెట్టిద్దాం. కానీ వీధిలో ఎవరికీ తెలియకూడదు."

"గ్యాసు పెట్టించుకోవడం ఏమన్నా దొంగతనమా?"

"సెల్మర్‌గాడికి తెలిస్తే నేనింక తలెత్తుకు తిరగలేను."

సెల్మర్ బాకె పక్కింటివాడు, చిన్ననాటి స్నేహితుడు, కట్టెల పేర్పులో ఏనాడూ రెండో స్థానం దాటనివాడు.

మొగుడూ పెళ్లాలు డులూత్ పట్నంలో ఫైర్‌ప్లేసులమ్మే కొట్టుకి వెళ్లారు. ఏది ఎంత వేడి ఇస్తుందో, ఎంత గ్యాసు తాగుతుందో కొట్టువాడు చెప్పబోయాడు. ఓరిన్ వింటేగా. మోకాళ్ల మీద కూర్చుని, పెళ్లిచూపులకి వచ్చినవాడిలా మంటలో కట్టెల్లా కనబడ్డానికి పెట్టే మట్టి దుంగలను ఒక్కొక్కటే పరకాయించాడు. బెరడు బర్చ్ బెరడులా ఉందా, అడుగున కణికలు ఎర్రబడతాయా, అదే అతని గోల.

"కరెంటు పోయినా పని చెయ్యాలంటే ఇది తీసుకోండి. లోపల చిన్న నీలం మంట ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది," అన్నాడు కొట్టువాడు.

"కట్టెల్లో నీలం మంట ఎక్కడన్నా చూశావటయ్యా? అది పట్టిచ్చేస్తుంది. వద్దు."

చివరికి రిమోట్ నొక్కితే వెలిగేది తీసుకున్నాడు. కరెంటు పోతే దానికి బ్యాటరీలే దిక్కు. ఏటా చలికాలానికి ముందు బ్యాటరీలు మార్చమనీ, తమ మనిషిని పిలిచి ఒకసారి శుభ్రం చేయించుకోమనీ కొట్టువాడు గుమ్మం దాకా వచ్చి చెప్పాడు. ఓరిన్ ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు.

ఇక బిగించడం. కొట్టువాళ్ల బండి మీద ఇంత పెద్ద మంట బొమ్మ ఉంది. అది ఇంటి ముందు ఆగితే ఊరంతా దండోరా వేసినట్టే. ఓరిన్ బుర్ర బద్దలుకొట్టుకుని, నవంబరులో జింకల వేట మొదలయ్యే శనివారం రమ్మన్నాడు. ఆ రోజు ఊళ్లో మగపురుగు ఉండదు, పెళ్లి ముహూర్తాలు కూడా పెట్టుకోరు. నడుం పట్టేసిందని సెల్మర్‌కి కబురు చేసి, బుద్ధెరిగాక మొదటిసారి వేటకి ఎగనామం పెట్టాడు. పనివాళ్లు పాత పొగగూట్లోంచి గొట్టం దించి, గ్యాసు కలిపి, గాజు తలుపు బిగించి వెళ్లిపోయారు. ఓరిన్ ఆ గాజు ముందు పాత ఇనుప జాలీ నిలబెట్టి, రిమోట్‌ని కుర్చీ దిండు కింద దాచాడు.

అసలు నాటకం అప్పుడు మొదలైంది. గ్యాసు మంటకి కట్టె వాసన రాదు కదా. అందుకని రోజూ సాయంత్రం పెరట్లో ఓ పాత డబ్బాలో బెరడు కాల్చి, వీధిలోకి వాసన పంపేవాడు.

"డాక్టరు పొగ వద్దన్నాడని గ్యాసు పెట్టించాను. ఇప్పుడు బయటికి పోయి మరీ పీలుస్తున్నావు. నీ తెలివి తెల్లారినట్టే ఉంది," అనేది మార్లిస్.

కట్టెలు కొట్టడమూ మానలేదు. భుజం నొప్పితో మూలుగుతూనే సెల్మర్ వచ్చి సాయం చేసేవాడు. శుభ్రం చేసే మనిషిని పిలిస్తే మళ్లీ ఆ బండి వస్తుంది, కాబట్టి పిలవలేదు. గాజుకి తెల్లటి పొర పట్టింది. పొగచూరినట్టు కనిపిస్తుంది, మంచిదే అనుకున్నాడు ఓరిన్.

రెండో చలికాలంలో మంచువాన కురిసి కరెంటు తీగలు తెగిపోయాయి. ఇళ్లని వేడిచేసే యంత్రాలన్నీ ఆగిపోయాయి, దారులు మూసుకుపోయాయి. మధ్యాహ్నం ఎవరో తలుపు తట్టారు. చూస్తే చేతినిండా బర్చ్ కట్టెలతో సెల్మర్, మాంసమూ బంగాళాదుంపలూ వండిన గిన్నెతో అతని భార్య వర్నా, దుప్పట్లో చుట్టిన పసిగుడ్డుతో వాళ్ల కూతురు కర్‌స్టన్.

"మా పొగగొట్టం మీద చెట్టుకొమ్మ పడిందిరా. నీ పొయ్యి ఉందిగా అని వచ్చాం," అన్నాడు సెల్మర్.

ఓరిన్ జాలీకి అడ్డంగా నిలబడ్డాడు. రిమోట్ ఇందాకే నొక్కి చూశాడు, ఉలుకూ పలుకూ లేదు. పొయ్యి అడుగున ఉన్న బ్యాటరీలు మార్చాలంటే జాలీ తీయాలి, జాలీ తీస్తే గుట్టు బయటపడుతుంది.

"కట్టెలు కాస్త తడిశాయి. ఆరాలి," అన్నాడు.

"తడిస్తే కష్టమే," అన్నాడు సెల్మర్.

"మంచి పొయ్యి," అంది వర్నా, చల్లటి పొయ్యికేసి చూస్తూ.

అందరూ కోట్లు విప్పకుండా కూర్చున్నారు. మార్లిస్ మొగుణ్ణి కొరకొరా చూసింది. పాప ఏడ్చింది, కాసేపటికి ఏడుపు మానేసింది. ఆ ఊరుకోవడం ఎవరికీ నచ్చలేదు.

"దీని చేతులు చల్లబడిపోతున్నాయి అంకుల్," అంది కర్‌స్టన్.

ఓరిన్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది. లేచి జాలీ పక్కకి లాగాడు. మోకాళ్ల మీద కూర్చుని అడుగున మూత తెరిచాడు. బ్యాటరీలు కారిపోయి, తీగల మీద పచ్చగా చిలుం పట్టి ఉంది. మార్లిస్ అడక్కుండానే వెనిగర్, టార్చిలైటులోంచి తీసిన బ్యాటరీలు తెచ్చిచ్చింది. చిలుం గీకి, తుడిచి, బ్యాటరీలు వేసి, అందరి ముందూ దిండు కింద నుంచి రిమోట్ తీసి నొక్కాడు. టిక్ టిక్‌మని మంట అంటుకుంది. కర్‌స్టన్ పాపని దగ్గరికి తెచ్చుకుంది. కాసేపటికి పాప మళ్లీ గుక్కపట్టి ఏడ్చింది, అందరికీ ప్రాణం లేచొచ్చింది.

"ఇది గ్యాసురా," అన్నాడు ఓరిన్ వెనక్కి తిరక్కుండానే.

"తెలుసు," అన్నాడు సెల్మర్.

"ఎప్పట్నుంచి?"

"బిగించిన రోజు నుంచే. వేటకి మేం వెళ్లాం గానీ వర్నా ఎక్కడికెళ్లింది? వీధిలో ఆడవాళ్లంతా కిటికీల దగ్గరే ఉన్నారుగా."

"ఆ బిగించే కుర్రాళ్లకి కాఫీ కూడా ఇచ్చాను. పాపం చలిలో పని చేస్తున్నారని," అంది వర్నా.

"మరి ఆ భుజంతో ఇన్నాళ్లూ నాతో కట్టెలెందుకు కొట్టావురా?"

"నువ్వు చెప్పలేదు. నేనడగలేదు. అడిగితే ఏం బావుంటుంది?" అన్నాడు సెల్మర్. "అయినా నీ పక్కన నిలబడి కొట్టడం నాకు అలవాటు."

ఓరిన్‌కి కళ్లు చెమర్చాయి. సిగ్గు సగం, నిశ్చింత సగం. పరువు పోతే ఇంత హాయిగా ఉంటుందని అతనికి ఇన్నాళ్లూ తెలియదు. సెల్మర్ తను తెచ్చిన కట్టెలను పొయ్యి పక్కన ఒద్దికగా పేర్చి, చేతులు దులుపుకున్నాడు.

"ఒక్క మాటరా. చెప్తే బావుండదని ఊరుకున్నాను," అన్నాడు. "ఈ ఏడు నీ పేర్పు ఉత్తరం వైపు కాస్త వంకర పోయింది."

గ్యాసు సంగతి బయటపడినా తట్టుకున్న ఓరిన్ మొహం ఇప్పుడు నల్లగా మాడిపోయింది. గబగబా బూట్లు తొడుక్కుని, టోపీ కూడా మరిచిపోయి, పేర్పు చూసుకోవడానికి ఆ మంచులోకి వెళ్లిపోయాడు.